రోమ్ దాకా వెళ్లిన అర్జీ

ఎడప్పళ్ళి విచారణ (పారిష్) గురువు చాకో పుత్తన్‌పురక్కల్ అప్పటికే ముసలివాడు. గుడిలోని పూజావస్తువు ఒకటి దొంగిలించాడని ఆయన మీద నింద పడింది. కొచ్చికి దగ్గర్లోని వరాప్పుళలో ఉండే కార్మెల్ సభ మిషనరీలు ఆయన్ను పట్టుకెళ్లి తమ మఠంలో బంధించారు. తిండి లేక, చివరి ఘడియల్లో అందాల్సిన సంస్కారాలు కూడా అందక ఆయన అక్కడే కన్నుమూశాడనీ, శవాన్ని పాత చాపలో చుట్టి పాతిపెట్టారనీ పారేమ్మాక్కల్ తోమా కత్తనార్ తన పుస్తకంలో రాశారు. కత్తనార్ అంటే అక్కడి సిరియన్ క్రైస్తవులు తమ గురువులను పిలుచుకునే పేరు. ఇది 18వ శతాబ్దపు మాట. మలబారు తీరంలో పోర్చుగీసు వారి ప్రాభవం తగ్గిపోయింది. కొచ్చి కోట మీద డచ్చి వారి జెండా ఎగురుతోంది.

అలా పోయిన మనిషి గురించి జనం ఎవరిని అడగాలి? బిషప్‌ను అడుగుదామంటే ఆయన ఉండేది వరాప్పుళలోనే, ఆయనా కార్మెల్ సభ వాడే. ఆయన పైఅధికారులు రోమ్‌లో ఉంటారు. రోమ్‌కు ఉత్తరం రాస్తే చేరడానికి ఏడాది, జవాబు రావడానికి ఇంకో ఏడాది. పైగా ఆ ఉత్తరం ఓడ ఎక్కాలంటే ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నారో ఆ మిషనరీల చేతుల మీదుగానే పోవాలి. అది చేరేలోపే వాళ్లు రాసిన ఉత్తరం ముందు చేరుతుంది. మలబారు క్రైస్తవుల చరిత్రలో రెండు వందల ఏళ్ల కలతలకు ఈ చిక్కే మూలం. సిద్ధాంతాల గురించీ పూజావిధుల గురించీ పెద్ద పెద్ద గ్రంథాలు వచ్చాయి. కానీ ప్రతి తగాదా అడుగునా ఉన్నది ఒకే ప్రశ్న: ఊళ్లో మామూలు విశ్వాసి చెప్పుకునే మాట బిషప్ చెవిన పడే దారి ఏది?

ఆ దారి వాళ్లకు మొదటి నుంచీ లేక కాదు. ఉన్న దారిని మూసేశారు. అందుకే ఆ బాధ అంత లోతుగా నాటుకుంది.

పళ్ళియోగం

అపొస్తలుడు తోమా క్రీ.శ. 52లో తమ తీరంలో దిగి సువార్త చెప్పాడన్నది నస్రాణీలు అని పిలిచే ఈ సిరియన్ క్రైస్తవుల నమ్మకం. వాళ్ల పూజాభాష సిరియాక్. బిషప్‌లు మెసపొటేమియా నుంచి ఓడల్లో వచ్చేవారు. ఆ బిషప్‌లకు మలయాళం రాదు, ఊళ్ల సంగతులు తెలియవు. వాళ్లు దీక్షలు ఇచ్చేవారు, పెద్ద పూజలు చేసేవారు, దీవించేవారు. సంఘాన్ని నడిపించే బాధ్యత మాత్రం అర్కదియాకోన్ అనే స్థానిక పెద్దది. సంప్రదాయంగా పకలోమట్టం కుటుంబానికి చెందిన ఆ గురువును రాజులు సైతం నస్రాణీల నాయకుడిగా గుర్తించేవారు.

ఊరి గుడి వ్యవహారం మొత్తం పళ్ళియోగం చేతిలో ఉండేది. ‘పళ్ళి’ అంటే గుడి. ఆ గుడికి చెందిన ఇళ్ల పెద్దలూ గురువులూ కలిసి కూర్చునే సభ అది. గుడి పొలాల కౌలు, పండగ ఖర్చు, పేదలకు సాయం, కుటుంబ తగాదాలు, నడవడి తప్పినవారికి శిక్ష, అన్నీ అక్కడే తేలేవి. లెక్కలు చూసే కైక్కారన్‌లను ఆ సభే ఎంచుకునేది. ఒక విచారణకు మించిన సంగతైతే చుట్టుపక్కల గుళ్లవాళ్లు కలిసేవారు. మొత్తం జాతికి సంబంధించినదైతే అన్ని గుళ్ల ప్రతినిధులతో మహాయోగం కూడేది.

వీటన్నిటిలో గట్టి అధికారం ఒకటుంది. ఒక కుర్రవాడు గురువు కావాలంటే అతని ఊరి పళ్ళియోగం ‘దేశకురి’ అనే పత్రం ఇవ్వాలి. ఈ పిల్లవాడు మాకు తెలుసు, వీడి ఇల్లు మాకు తెలుసు, వీడు మా గురువుగా ఉండటానికి మాకు సమ్మతమే అని ఊరు రాసిచ్చే చీటీ అది. అది చేతిలో లేకుండా బిషప్ ముందుకు వెళ్లేవారు కాదు. గురువును ఎంచడంలో జనానికి అంత పాత్ర ఇచ్చిన సంఘం ఆ రోజుల్లో ఐరోపాలోనైనా అరుదే.

కాబట్టి 1498లో వాస్కోడగామా వచ్చాక ఈ తీరంలో దిగిన పోర్చుగీసు పాద్రీలకు తమ మాట తాము చెప్పుకోగల సంఘమే ఎదురైంది. గామా రెండోసారి వచ్చిన 1502లో నస్రాణీ పెద్దలు ఎదురెళ్లి వెండి మువ్వలు కట్టిన ఎర్ర దండాన్ని ఆయనకు కానుకగా ఇచ్చారు. కొత్తవారిని తోటి క్రైస్తవులుగానే చూశారు. వచ్చినవారికి మాత్రం ఈ సంఘంలో దిద్దాల్సిన తప్పులే ఎక్కువ కనిపించాయి.

సంతకాలు తీసుకున్న సభ

1599లో గోవా ఆర్చిబిషప్ అలెక్సో ద మెనెజెస్ స్వయంగా మలబారు వచ్చారు. ఊరూరా తిరిగి, కొత్తగా కొందరికి గురుదీక్షలు ఇచ్చి తన పక్షం పెంచుకున్నారు. ఆ జూన్‌లో ఉదయంపేరూర్‌లో సినడ్ పిలిచారు. ప్రతి గుడి నుంచీ గురువులతో పాటు నలుగురు గృహస్థులు ప్రతినిధులుగా రావాలన్నారు. 153 మంది కత్తనార్లు, 660 మంది దాకా గృహస్థులు వచ్చారని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. గురువుల కంటే గృహస్థులే నాలుగింతలు ఉన్న సభ! పైకి చూస్తే ఇంతకంటే ప్రజాసమ్మతమైన సభ ఉండదు.

కానీ తీర్మానాలు అప్పటికే తయారై ఉన్నాయి. పోర్చుగీసులో రాసినవాటిని మలయాళంలోకి మార్చి చదివి వినిపించారు. మెసపొటేమియా నుంచి బిషప్‌లను పంపే బాబిలోన్ పాత్రియార్క్‌తో సంబంధం తెంచుకోవాలి. గురువులు పెళ్లి చేసుకోకూడదు. సిరియాక్ గ్రంథాలను దిద్దించుకోవాలి, తప్పులున్నాయన్నవాటిని అప్పగించాలి. అలా అప్పగించినవి ఎన్నో మంటల్లో కాలిపోయాయి. వారం తిరగకుండానే అంతా ముగిసింది. వచ్చినవారు సంతకాలు చేశారు. ఆ వేగంలో ఎవరైనా ఏ తీర్మానాన్నైనా తరచి చూసి ఉంటారంటే నమ్మలేం. ఆ సినడ్ చట్టబద్ధమైనదేనా అని కేథలిక్ పండితులే తర్వాతి కాలంలో ప్రశ్నించారు.

ఉదయంపేరూర్‌లో నస్రాణీలు ఒక సంగతి తెలుసుకున్నారు. సభకు పిలవడం వేరు, చెప్పింది వినడం వేరు. అక్కడి నుంచి వాళ్ల బిషప్‌లు ఐరోపా వారే. మొదట ఫ్రాన్సిస్కో రోస్, తర్వాత ఎస్తెవాన్ ద బ్రిటో, ఆ తర్వాత ఫ్రాన్సిస్కో గార్సియా, ముగ్గురూ జెస్విట్లు. రోస్ సిరియాక్, మలయాళం రెండూ నేర్చుకున్న పండితుడు. అందరినీ ఒకే గాటన కట్టకూడదు. గార్సియా కాలం వచ్చేసరికి మాత్రం బిషప్‌కూ అర్కదియాకోన్ తోమాకూ మధ్య మాట పూర్తిగా చెడింది. ఒకరి మీద ఒకరు గోవాకూ రోమ్‌కూ ఫిర్యాదులు రాసుకుంటూ పదేళ్లకు పైగా గడిపారు.

1653 జనవరి

ఇలా ఉండగా 1652లో అహత్తల్లా అనే సిరియన్ బిషప్ సూరత్ మీదుగా మైలాపూర్ చేరారు. పోర్చుగీసు వారు ఆయన్ను అక్కడ జెస్విట్ల నివాసంలో నిర్బంధించారు. తోమా అపొస్తలుడి సమాధి దర్శనానికి మలబారు నుంచి వచ్చిన ఇద్దరు డీకన్లు, చెంగన్నూర్ ఇట్టి, కురవిలంగాడ్ కురియన్, ఆయన్ను కలుసుకోగలిగారు. తనను పోపుగారే పంపారని ఆయన చెప్పి, ఒక ఉత్తరం రాసి వాళ్ల చేతికిచ్చారు. ఆ కాగితం మలబారు చేరగానే ఊళ్లన్నీ కదిలాయి.

అహత్తల్లాను ఎక్కించుకున్న ఓడ గోవా పోతూ కొచ్చి రేవుకు వచ్చింది. వేలమంది నస్రాణీలు మట్టాంచేరి దగ్గర గుమిగూడారు. ఆనాటి ఆచారం ప్రకారం కత్తులతో, డాళ్లతో వచ్చారు. వాళ్లు అడిగింది చిన్న కోరికే. ఆయన్ను మాకు చూపించండి, ఆయన దగ్గరున్న పత్రాలు పరీక్షిద్దాం, మోసగాడని తేలితే మేమే వదిలేస్తాం అన్నారు. కోట తలుపులు తెరుచుకోలేదు. ఆర్చిబిషప్ గార్సియా వాళ్లతో మాట్లాడలేదు. ఓడ రాత్రికి రాత్రి సాగిపోయింది. అహత్తల్లాను సముద్రంలో ముంచి చంపేశారన్న వదంతి మర్నాటికి ఊరూరా పాకింది.

ఆయన్ను ముంచలేదు. గోవాకు తీసుకెళ్లి, అక్కడి నుంచి ఐరోపాకు పంపారు. ఫ్రాన్స్‌లో మరణించారని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. కానీ ఈ నిజం చెప్పేవారు గానీ, చెబితే నమ్మేవారు గానీ ఆ రోజు కొచ్చిలో లేరు. ఏళ్ల తరబడి మాటలు లేనిచోట వదంతిని ఆపేదెవరు?

1653 జనవరి 3న మట్టాంచేరిలో ఒక రాతి సిలువ ముందు వేలమంది ప్రమాణం చేశారు. అందరి చేతులూ సిలువకు అందవు కాబట్టి దానికి తాళ్లు కట్టి, ఆ తాళ్లు పట్టుకుని ప్రమాణం చేశారనీ, ఆ లాగుడుకు సిలువ వంగిందనీ సంప్రదాయ కథ. అందుకే దాన్ని ‘కూనన్ కురిశు’, అంటే వంగిన సిలువ, అంటారు. ఆ రోజు వాళ్లు ఏమని ఒట్టు పెట్టుకున్నారన్నది నేటికీ వివాదమే. జెస్విట్ల పాలనను, గార్సియాను ఒప్పుకోబోమని మాత్రమే అన్నారని కేథలిక్కుల వాదన. రోమ్‌తో బంధమే తెంచుకున్నారని ఇతర శాఖల వాదన. అప్పటి పరిస్థితులు చూస్తే, ఆ గుంపులో ఎక్కువమంది మనసులో ఉన్నది పోపు కంటే దగ్గర్లో ఉన్న గార్సియాయే అనిపిస్తుంది. పోపు వాళ్లకు ఎన్నడూ చూడని పేరు. గార్సియా వాళ్లను చూడటానికే ఒప్పుకోని మనిషి.

మే నెలలో ఆలంగాడ్‌లో పన్నెండుమంది గురువులు అర్కదియాకోన్ తల మీద చేతులుంచి మార్ తోమా పేరుతో బిషప్‌గా ప్రకటించారు. రోమ్ కంగారు పడి కార్మెల్ సభకు చెందిన జోసెఫ్ సెబాస్తియానీ తదితరులను పంపింది. 1663లో కొచ్చి డచ్చి వారి వశమై, ఐరోపా కేథలిక్ పాద్రీలు వెళ్లిపోక తప్పనప్పుడు సెబాస్తియానీ ఒక మంచి పని చేశారు. ఫిబ్రవరి 1న కడుత్తురుత్తిలో స్థానికుడైన పరంబిల్ చాండి కత్తనార్‌ను బిషప్‌గా అభిషేకించారు. 116 గుళ్లలో 84 చాండి వెంట, 32 మార్ తోమా వెంట నిలిచాయని లెక్క. తమవాడు బిషప్ అయితే జనం ఎంత త్వరగా చల్లబడతారో చెప్పడానికి ఈ అంకె చాలు. కానీ చాండి తర్వాత మళ్లీ విదేశీయులే వచ్చారు. 1653లో చీలిన సంఘం ఇప్పటికీ ఒకటి కాలేదు.

ఓడెక్కిన జనవాక్యం

ఇక 1770ల దశకానికి వద్దాం. చీలిన రెండో పక్షపు నాయకుడు ఆరో మార్ తోమా రోమ్‌తో కలవాలనుకున్నారు. ఎన్నోసార్లు రాశారు. కేథలిక్ పక్షంలోని మామూలు జనానికీ అదే కోరిక. విడిపోయినవారు వాళ్ల బావమరుదులు, మేనమామలు. ఒకే ఊరు, ఒకే వంశం, వేర్వేరు గుళ్లు. ఈ కలయికకు వరాప్పుళ మిషనరీలే అడ్డుపడుతున్నారని వాళ్ల ఫిర్యాదు. దానికి తోడు ఎడప్పళ్ళి గురువు చావు లాంటి గాయాలు.

దారిలో ఉత్తరాలు ఆగిపోతున్నాయి కాబట్టి మనుషుల్నే పంపాలని యోగం తీర్మానించింది. ఎంపికైనవారు ఇద్దరు. ఒకరు ఆలంగాడ్ సెమినరీలో మల్పాన్, అంటే ఆచార్యుడు, కరియాట్టిల్ యౌసేప్పు. కుర్రతనంలో రోమ్‌లోనే చదువుకున్నారు కాబట్టి అక్కడి తలుపులు ఆయనకు తెలుసు. రెండోవారు కడనాడ్‌కు చెందిన పారేమ్మాక్కల్ తోమా కత్తనార్. సంస్కృతం, సిరియాక్, లాటిన్, పోర్చుగీసు వచ్చినవారు. ఖర్చులకు గుళ్ల నుంచీ ఇళ్ల నుంచీ చందాలు వసూలయ్యాయి. రోమ్‌లో చదువుకోవడానికి ఇద్దరు విద్యార్థులనూ వెంటబెట్టుకున్నారు.

1778లో అతిరంపుళ నుంచి నాటుపడవలో బయల్దేరి కాయంకుళం చేరారు. అక్కడి నుంచి తమిళ దేశం మీదుగా మద్రాసు. ఆ నవంబరులో మద్రాసు రేవులో పోర్చుగీసు ఓడ ఎక్కారు. గుడ్‌హోప్ అగ్రం చుట్టి, అట్లాంటిక్ దాటి, బ్రెజిల్ తీరం తాకి, 1779 జులైలో లిస్బన్‌లో దిగారు. రోమ్ చేరేసరికి 1780 జనవరి. కేరళలోని ఒక పల్లెగుడి ముంగిట్లో అనుకున్న మాట దక్షిణ అమెరికా మీదుగా తిరిగి రోమ్ చేరింది.

అక్కడ వారికంటే ముందే మిషనరీల ఉత్తరాలు చేరి ఉన్నాయి. మిషన్ దేశాల వ్యవహారాలు చూసే ప్రొపగాండా కార్యాలయం వీళ్లను అనుమానంగా చూసింది. ఒక సంఘం మొత్తం పంపిన ప్రతినిధులను గుమ్మం ముందు నిలబెట్టి మాట్లాడించడం పారేమ్మాక్కల్‌ను ఎంత కుదిపిందో ఆయన పుస్తకం చదివితే తెలుస్తుంది. అడిగింది దక్కకుండానే అదే ఏడాది రోమ్ వదలాల్సి వచ్చింది. రోమ్‌లో మూసుకున్న తలుపు లిస్బన్‌లో కాస్త తెరుచుకుంది. తూర్పుదేశాల్లో బిషప్‌లను ప్రతిపాదించే పాత హక్కు ఇంకా పోర్చుగల్ సింహాసనానికి ఉంది. 1782లో మరియా రాణి కరియాట్టిల్‌ను కొడుంగల్లూరు ఆర్చిబిషప్‌గా ప్రతిపాదించారు. 1783 ఫిబ్రవరిలో లిస్బన్‌లో అభిషేకం జరిగింది. మార్ తోమాను సంఘంలో చేర్చుకునే అధికారం కూడా ఆయనకు దక్కింది. జనం తాము పంపిన దూతను తమ ఆర్చిబిషప్‌గా తిరిగి అందుకోబోతున్నారు.

1785లో లిస్బన్ నుంచి బయల్దేరి, ఏడాదికి పైగా ప్రయాణించి 1786 మే 1న గోవా చేరారు. మలబారు ఇంకొన్ని రోజుల ప్రయాణం. అక్కడే, ఆ సెప్టెంబరు 10న, ఆర్చిబిషప్ కరియాట్టిల్ మరణించారు. విషప్రయోగమన్న అనుమానం నస్రాణీల్లో తరతరాలుగా ఉండిపోయింది. రుజువు మాత్రం లేదు. ఎనిమిదేళ్ల ప్రయాసకు మిగిలింది పారేమ్మాక్కల్ ఒక్కరే. ఆయన్ను కొడుంగల్లూరుకు గవర్నదోర్‌గా, అంటే బిషప్ లేనప్పుడు పాలన చూసే అధికారిగా, నియమించారు.

ఆ ప్రయాణాన్నంతా పారేమ్మాక్కల్ మలయాళంలో రాశారు. దాని పేరు ‘వర్తమానప్పుస్తకం’. భారతీయ భాషల్లో తొలి యాత్రాచరిత్రగా దీన్నే లెక్కిస్తారు. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి బయల్దేరి రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ దీనికి సుమారు అర్ధశతాబ్దం తర్వాతిది. వీరాస్వామయ్య దారిలోని ఊళ్లనూ చౌల్ట్రీలనూ ధరలనూ శ్రద్ధగా నమోదు చేస్తే, పారేమ్మాక్కల్ ఒక వకీలులా రాశారు. ఏ అధికారి ఏమన్నాడు, తాము ఏం జవాబిచ్చాం, ఏ కాగితం ఎవరి చేతికి వెళ్లింది, అన్నీ ఉంటాయి. ప్రతి జాతినీ ఆ జాతివారే నడుపుకుంటున్నప్పుడు మమ్మల్ని మాత్రం పరాయివారు ఎందుకు ఏలాలి అని ఆయన నిలదీస్తారు. భారత జాతీయ కాంగ్రెస్ పుట్టడానికి వందేళ్ల ముందు, ఒక పల్లె గురువు చర్చి వ్యవహారంలో వేసిన ప్రశ్న ఇది. పుస్తకం చేతిరాత ప్రతుల్లోనే ఉండిపోయి 1936లో గానీ అచ్చు కాలేదు. ఇంత విలువైన గ్రంథం తెలుగు పాఠకుల చర్చల్లో దాదాపు కనిపించకపోవడం విచారించాల్సిన సంగతి.

అంగమాలి పడియోల

ఆర్చిబిషప్ మరణవార్త తెలిశాక 1787 ఫిబ్రవరి 1న 84 గుళ్ల ప్రతినిధులు అంగమాలిలో సమావేశమయ్యారు. ఆ మహాయోగంలో ముందు నిలిచిన గృహస్థుల్లో తచ్చిల్ మాత్తు తరకన్ ఒకరు. తిరువితాంకూరులో పేరుమోసిన కలప వ్యాపారి ఆయన, తర్వాత ఆ రాజ్యంలో మంత్రి స్థాయికి ఎదిగారు. సభ ఒక పడియోల రాసింది. అందరూ ఒప్పుకుని చేవ్రాలు చేసిన తీర్మానపత్రం అన్నమాట. ఇన్నేళ్లుగా విదేశీ మిషనరీల వల్ల పడిన కష్టాలన్నీ అందులో వరసగా చెప్పారు. పారేమ్మాక్కల్‌ను తమకు బిషప్‌గా ఇవ్వాలని కోరారు. ఇవ్వకపోతే పూర్వంలా మెసపొటేమియాలోని కల్దీయ పాత్రియార్క్ దగ్గర్నుంచి బిషప్‌ను తెచ్చుకుంటామని స్పష్టం చేశారు.

ఈ పత్రాన్ని ఉదయంపేరూర్ పక్కన పెట్టి చూడాలి. అక్కడ పైవారు రాసిన తీర్మానాల కింద జనం సంతకం చేశారు. 188 ఏళ్ల తర్వాత ఇక్కడ జనమే రాసుకున్నారు, జనమే సంతకం పెట్టారు. విన్నపమూ హెచ్చరికా ఒకే కాగితంలో ఉన్నాయి. రోమ్ మీద భక్తి చెక్కుచెదరలేదు. స్థానిక అధికారి మీద నమ్మకం మాత్రం పూర్తిగా పోయింది. ఈ రెండూ ఒకే గుండెలో ఎలా ఇముడుతాయని బయటివారికి అనిపించవచ్చు. కేథలిక్ గృహస్థుల చరిత్రలో ఏ దేశంలో చూసినా ఇలాంటి మనుషులే ఎక్కువ కనిపిస్తారు. మతం మారతామని వాళ్లు అనరు. మా మాట వినమంటారు.

పారేమ్మాక్కల్‌కు బిషప్ పదవి రాలేదు. టిప్పు దండయాత్రల సమయంలో అంగమాలి వదిలి వడయార్‌కు మారి, 1799 మార్చిలో మరణించేవరకూ గవర్నదోర్‌గానే పాలించారు. అదే ఏడాది ఆరో మార్ తోమా కేథలిక్ సంఘంలో చేరారు. కొన్ని నెలలకే వెనక్కి వెళ్లిపోయారు.

అచ్చు అక్షరం అందుకున్నాక

పడియోలలో హెచ్చరించినట్టే 19వ శతాబ్దంలో జరిగింది. 1861లో కల్దీయ పాత్రియార్క్ పంపిన మార్ తోమా రోకోస్ వచ్చారు. అనేక గుళ్లు ఆయన వెంట నడిచాయి. మరో చీలిక జరగకుండా ఆపడానికి అప్పటి వికార్ జనరల్ చావర కురియాకోస్ ఎలియాస్ ఊరూరా తిరిగారు. 2014లో పునీతుడిగా ప్రకటితులైన చావర ఈయనే. 1846లోనే ఆయన మాన్నానంలో అచ్చుయంత్రం నెలకొల్పారు. కొనడానికి డబ్బూ లేదు, అమ్మేవారూ లేరు. తిరువనంతపురంలో ప్రభుత్వ ముద్రణాలయాన్ని చూసొచ్చి, అరటి దవ్వతో నమూనా చేసి వడ్రంగికి చూపించి, కొయ్య యంత్రం కట్టించారని చెబుతారు.

ఆ మాన్నానం నుంచే 1887 ఏప్రిల్ 15న ‘నస్రాణి దీపిక’ పత్రిక మొదలైంది. సంపాదకుడు నిధీరిక్కల్ మాణి కత్తనార్. చీలిపోయిన రెండు పక్షాల నస్రాణీలనూ ఏకం చేయాలని అంతకుముందే ఆయన సంఘం పెట్టారు. ఇప్పటిదాకా ఒక్క ప్రతిగా వెళ్లి ఎక్కడో బల్ల సొరుగులో ఆగిపోయిన అర్జీ ఇక వందల ప్రతుల్లో ఊరందరి ముందుకూ వచ్చింది. అచ్చయిన మాటను మధ్యలో ఎవరూ ఆపలేరు. ఆ పత్రిక ‘దీపిక’ దినపత్రికగా నేటికీ వస్తోంది.

అదే 1887 మేలో పోపు 13వ లియో సిరియన్ కేథలిక్కులను వరాప్పుళ నుంచి విడదీసి కొట్టాయం, త్రిశ్శూర్ వికారియేట్లు ఏర్పరిచారు. అధిపతులు మాత్రం మళ్లీ ఐరోపా వారే. విన్నపాలు ఆగలేదు. 1896లో ఆ ప్రాంతాన్ని మూడుగా విభజించి, మాక్కిల్ మత్తాయి, పళేపరంబిల్ లూయిస్, మేనాచేరి జాన్ అనే ముగ్గురు స్థానికులను బిషప్‌లుగా నియమించారు. అంగమాలి పడియోలకు 109 ఏళ్ల తర్వాత దక్కిన జవాబు ఇది.

ఇప్పటి సంగతి

రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాత పరిస్థితి కాగితం మీదైనా మారింది. 1983 నాటి చర్చి చట్టంలో 212వ కానను, తూర్పు శాఖల కోసం 1990లో వచ్చిన చట్టంలో 15వ కానను ఒకే మాట చెబుతాయి. విశ్వాసులు తమ అవసరాలను, కోరికలను పీఠాధిపతులకు చెప్పుకోవచ్చు. తమకున్న జ్ఞానాన్ని, యోగ్యతను బట్టి సంఘ శ్రేయస్సు గురించి తమ అభిప్రాయం చెప్పే హక్కు, కొన్ని సందర్భాల్లో బాధ్యత కూడా, వారికి ఉంది. ఆ మాటకు బిషప్ ఫలానా గడువులోగా బదులివ్వాలని ఆ కానన్లలో లేదు. చెప్పే హక్కు చట్టానికి ఎక్కింది, జవాబు పొందే హక్కు ఇంకా ఎక్కలేదు. ఈ లోటు చిన్నది కాదు.

అది ఎంత పెద్దదో ఎర్నాకుళం-అంగమాలి అగ్రపీఠంలో ఈ మధ్యే తెలిసింది. దివ్యబలిపూజలో గురువు సగం సేపు జనం వైపు, సగం సేపు బలిపీఠం వైపు తిరగాలన్న ఏకరూప విధానాన్ని ఈ సిరియన్ కేథలిక్కుల సంఘమైన సీరో-మలబార్ చర్చి సినడ్ 2021 ఆగస్టులో నిర్ణయించింది. ఏళ్లుగా గురువు తమ వైపు తిరిగి చేసే పూజకు అలవాటుపడిన గృహస్థులూ గురువుల్లో అత్యధికులూ ఒప్పుకోలేదు. తమను అడగకుండా తీసుకున్న నిర్ణయమన్నారు. ఊరేగింపులు, నిరాహార దీక్షలు, దిష్టిబొమ్మల దహనాలు జరిగాయి. 2022 క్రిస్మస్ ముందు ఎర్నాకుళం బసిలికాలో, బలిపీఠం దగ్గరే తోపులాట జరిగి గుడి మూతపడింది. 2023 డిసెంబరులో పోపు ఫ్రాన్సిస్ వీడియోలో నేరుగా ఆ జనంతో మాట్లాడారు. 1780లో గుమ్మం దగ్గర నిలబడ్డ ప్రతినిధుల వారసుల కోసం పోపు స్వయంగా తెర మీదికి వచ్చారు. అయినా వెంటనే సమాధానపడినవారు తక్కువ. పై నుంచి నేరుగా వచ్చిన మాట కూడా స్థానికంగా ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని వినకపోతే ఎక్కదు.

అదే నెలలో సీరో-మలబార్ సంఘాధిపతి, మేజర్ ఆర్చిబిషప్ జార్జ్ ఆలంచేరి తప్పుకున్నారు. ఆయన స్థానంలో 2024 జనవరిలో సినడ్ ఎన్నుకున్న రఫాయేల్ తట్టిల్ అప్పటిదాకా మన శంషాబాద్ పీఠాధిపతి. విమానాశ్రయం పేరుగానే తెలిసిన ఆ ఊరి పేరు మీద 2017లో ఏర్పడిన ఆ పీఠం, కేరళ నుంచి దేశమంతా చెదిరిపోయి, అప్పటికి తమదంటూ పీఠం లేని సీరో-మలబార్ విశ్వాసుల కోసం ఉద్దేశించినది. ఆయన వచ్చాక చర్చలు మళ్లీ మొదలయ్యాయి. 2025 మధ్యలో ఒక ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది తోమా అపొస్తలుడి పండగైన జులై 3 నుంచి విచారణల్లో ఆదివారం కనీసం ఒక పూజ ఏకరూప విధానంలో, మిగిలినవి పాత అలవాటు ప్రకారం. ఏ పక్షమూ పూర్తిగా గెలవలేదు. నాలుగేళ్ల ముందే ఇరువైపులా వారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఇదే ఒప్పందం అప్పుడే కుదిరేదని అనుకోవడానికి బలమైన కారణాలే ఉన్నాయి.

పళ్ళియోగం ఇప్పటికీ ఉంది. కేరళ విచారణల్లో గుడి ఆదాయవ్యయాలు యోగంలో చదువుతారు, కైక్కారన్‌లను ఎంచుకుంటారు, సమాధుల తోటకు గోడ కట్టాలా వద్దా అని వాదించుకుంటారు. ఆస్తి అమ్మాలన్నా పెద్ద ఖర్చు పెట్టాలన్నా బిషప్ ఆమోదం కావాలి. గురువు కాబోయే కుర్రవాడికి అవునో కాదో చెప్పే పాత అధికారం మాత్రం పళ్ళియోగం చేతిలో లేదు. సెమినరీకి వెళ్లే పిల్లవాడిని ఇప్పుడు పీఠాధిపతీ, సెమినరీ అధికారులూ పరీక్షిస్తారు.